మొదటి కొలువు: చేతికొచ్చేది ఎంత, వెంట వచ్చేది ఏంటి?

క్లుప్తంగా: నల్గొండ, పాలమూరు ప్రాంతాల్లో చదువు పూర్తయిన యువత ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. గ్రూప్స్ ప్రిపరేషన్, పట్నంలో (హైదరాబాద్‌లో) ప్రైవేటు ఉద్యోగం, జిల్లాలోనే ఫ్యాక్టరీ కొలువు. మూడింటినీ నెల జీతంతోనే పోల్చడం వల్ల లెక్క తప్పుతోంది. సర్కారు కొలువుకు వయసు గడువు చాలా పొడవు, ప్రైవేటులో ఫ్రెషర్ గడువు చాలా పొట్టి. మొదటి ఉద్యోగం మానేశాక కూడా మనిషి వెంట ఉండేవి నేర్చుకున్న పని, పీఎఫ్ (భవిష్య నిధి) రికార్డు, పని చేసినట్టు చెప్పే కాగితాలు. ఈ కథనం వాటి లెక్కను వివరిస్తుంది.

## రెండు గడియారాలు

నల్గొండ గడియారం సెంటర్ నుంచి హైదరాబాద్ అశోక్‌నగర్ దాకా స్టడీ హాళ్లలో కూర్చున్నవాళ్లకు గ్రూప్-2 కథ కొత్తగా చెప్పక్కర్లేదు. 783 పోస్టులకు 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు. తర్వాత నవంబర్ అన్నారు. ఆ తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. ఎంపిక జాబితా 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. నోటిఫికేషన్ నాడు డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్న విద్యార్థి జాబితా వచ్చేనాటికి పీజీ కూడా ముగించి ఉంటాడు.

గ్రూప్-1ది ఇంకో తీరు. 2022 అక్టోబర్ 16న జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌ను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. గ్రూప్-4 వీటికన్నా నయమే అనుకోవాలి. 2022 డిసెంబర్ నోటిఫికేషన్‌కు 2023 జూలై 1న పరీక్ష జరిగితే, తుది ఎంపిక జాబితా 2024 నవంబర్‌లో వచ్చింది. సుమారు 8 వేల పోస్టులకు 9 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు.

ఇంత ఆలస్యమైనా అభ్యర్థి ఈ దారి వదలకపోవడానికి కారణం ఉంది. పోలీసు లాంటి యూనిఫాం సర్వీసులు కాని ఉద్యోగాలకు గరిష్ఠ వయసును తాత్కాలికంగా 2022లో 44 ఏళ్లకు, 2024లో 46 ఏళ్లకు పెంచారు. పైగా సడలింపులు వేరే. తలుపు మూసుకుపోతుందన్న భయం లేకపోతే ఎవరైనా ఇంకో ఏడాది చూద్దామనే అనుకుంటారు. వయసు పెంపు మేలు చేసేదే, కానీ "ఇక చాలు" అనుకునే సమయాన్ని కూడా అదే వెనక్కి జరుపుతోంది.

ప్రైవేటు గడియారం ఇలా తిరగదు. సాఫ్ట్‌వేర్, ఫార్మా, బ్యాంకింగ్ కంపెనీల ఫ్రెషర్ ప్రకటనల్లో పాసైన సంవత్సరం రాసి ఉంటుంది. ఎక్కువగా ఆ ఏడాది బ్యాచ్, మహా అయితే దాని ముందు బ్యాచ్. మూడేళ్లు ప్రిపేరై వచ్చిన బీటెక్ అభ్యర్థి ఫ్రెషర్ లెక్కలోకీ రాడు, అనుభవం ఉన్నవాళ్ల లెక్కలోకీ రాడు. సర్కారు తలుపు ఇంకా చాలా ఏళ్లు తెరిచే ఉంటుంది, ప్రైవేటు తలుపు మాత్రం రెండేళ్లకే సగం మూసుకుంటుంది. సమస్యంతా ఈ తేడాలోనే ఉంది.

ఈ ఎదురుచూపు ఖరీదు ఎంతో కాగితం మీద వేసి చూసేవాళ్లు తక్కువ. హాస్టల్, తిండి, టెస్ట్ సిరీస్ కలిపి నెలకు 8 వేలు అనుకుంటే మూడేళ్లకు 2 లక్షల 88 వేలు. అదే కాలంలో నెలకు 15 వేల ఉద్యోగం చేస్తే వచ్చేది 5 లక్షల 40 వేలు. రెండూ కలిపితే 8 లక్షలు దాటుతుంది. ఇంట్లో అర ఎకరం అమ్మిన డబ్బు అందరికీ కనిపిస్తుంది, రాకుండా పోయిన జీతం ఎవరికీ కనిపించదు.

అలాగని ప్రిపరేషన్ తెలివితక్కువ పని కాదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా, జోన్ (కొన్ని జిల్లాలు కలిపి), మల్టీ జోన్ (కొన్ని జోన్లు కలిపి) పోస్టుల్లో 95 శాతం స్థానికులకే దక్కుతాయి. జోగులాంబ జోన్‌లో పోటీ ప్రధానంగా మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల మధ్యే. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ యాదాద్రి జోన్‌లో ఉన్నాయి. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికత. చిన్నప్పుడే హైదరాబాద్ హాస్టల్‌లో చేరినవారు ఇది ముందే చూసుకోవాలి, లేకపోతే సొంత జిల్లాలోనే స్థానికేతరులవుతారు.

ఉద్యోగమా, ప్రిపరేషనా అని అడగడం కన్నా ఏ ఉద్యోగంలో ప్రిపరేషన్‌కు సమయం మిగులుతుందో చూడటం మేలు. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా ఉండే బీ షిఫ్ట్‌లో పొద్దున పూట మొత్తం చేతిలో ఉంటుంది. పొద్దున తొమ్మిదికి మొదలయ్యే జనరల్ షిఫ్ట్‌కు రానుపోను రెండేసి గంటల ప్రయాణం తోడైతే పుస్తకం తెరిచే ఓపిక ఉండదు. జీతం రెండు వేలు తక్కువైనా మొదటిదే ఎంచుకునేవారికి కారణం ఇదే.

## 3 లక్షల 60 వేల ప్యాకేజీ నెలకు 30 వేలు కాదు

ఆఫర్ లెటర్‌లో ఉండే సీటీసీ అంటే ఒక మనిషి కోసం కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అది జీతం కాదు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ (కొన్నేళ్లు పని చేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) కోసం చూపించే సొమ్ము, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే అన్నీ అందులోనే ఉంటాయి.

ఏడాదికి 3 లక్షల 60 వేలు అంటే నెలకు 30 వేలు. బేసిక్ (మూల వేతనం) 15 వేలు అనుకుందాం. కంపెనీ పీఎఫ్ వాటా 12 శాతం, అంటే 1,800. గ్రాట్యుటీ కింద 4.81 శాతం, సుమారు 721. వేరియబుల్ పే పది శాతం ఉంటే 3 వేలు నెల జీతంలో రాదు. మిగిలింది 24,479. ఇందులోంచి ఉద్యోగి సొంత పీఎఫ్ వాటా 1,800, వృత్తి పన్ను 200 పోతే బ్యాంకులో పడేది 22,479. మొదటి నెల మెసేజ్ చూసి మోసపోయామనుకునేవారు చాలామంది. అందులో మోసమేమీ లేదు. ఆఫర్ లెటర్ రెండో పేజీలో ఉన్న పట్టిక ఎవరూ చదవకపోవడమే కారణం.

ఇప్పుడు జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో ఒక మందుల కంపెనీలో 18 వేల గ్రాస్ (కోతలకు ముందు) జీతం అనుకుందాం. బేసిక్ 12 వేలైతే పీఎఫ్ 1,440. గ్రాస్ మీద 0.75 శాతం చొప్పున ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) 135, వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 16,275. మహబూబ్‌నగర్‌లో సొంతింట్లో ఉంటూ కంపెనీ బస్సులో వెళ్లేవారికి నెలకు 2,500 ఖర్చు తీసేసినా 13,775 మిగులుతుంది. పట్నంలో చేతికొచ్చిన 22,479లో హాస్టల్‌కు 7,500, ప్రయాణాలు, ఫోను, నెలకు రెండుసార్లు ఊరికి రావడానికి 3,500 పోతే మిగిలేది 11,479. ప్యాకేజీ పెద్దదే, మిగులు మాత్రం తక్కువ. ఖర్చులు మనిషిని బట్టి మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు.

ఈ పోలిక ఇక్కడే ఆపితే అందరూ జడ్చర్లలోనే ఉండిపోవాలి. అసలు తేడా రెండేళ్ల తర్వాత బయటపడుతుంది. క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష యంత్రం మీద పని నేర్చుకున్న బీఎస్సీ కెమిస్ట్రీ అభ్యర్థికి జీడిమెట్లలోనూ, విశాఖ పరవాడలోనూ అదే పనికి పిలుపు వస్తుంది. అదే కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద రెండేళ్లు నిలబడినవారికి బయట ఆ అనుభవానికి అదనపు విలువ ఉండదు. గేటు ఒకటే, యూనిఫాం కూడా ఒకటే కావచ్చు. ఇంటర్వ్యూలో జీతం ఎంత అని అడిగినంత గట్టిగా ఏ డిపార్ట్‌మెంట్ అని కూడా అడగాల్సింది ఇందుకే.

## పెద్ద ఫ్యాక్టరీ, చిన్న ఉద్యోగాల సంఖ్య

దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం 4,000 మెగావాట్లది. హుజూర్‌నగర్, మేళ్లచెర్వు చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలు. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో బ్యాటరీల తయారీకి పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి పెడతామని అమరరాజా ప్రకటించింది, 2023 మేలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో ఐటీ టవర్లు తెరిచారు. ఇన్ని ఉండగా పిల్లలు పట్నం ఎందుకు పోతున్నారని ఊళ్లలో తరచూ వినిపించే ప్రశ్న.

ఇలాంటి పరిశ్రమల తీరు చూస్తే కారణం తెలుస్తుంది. థర్మల్ కేంద్రం కట్టేటప్పుడు వేల మంది కావాలి. అది నడవడం మొదలయ్యాక కంట్రోల్ రూమ్‌లో కొందరు, మెయింటెనెన్స్‌లో కొందరు చాలు. కొత్త సిమెంట్ ఫ్యాక్టరీలో కిల్న్ (కొలిమి)ను స్క్రీన్ల మీద చూసుకుంటూ నడుపుతారు. మనుషులు ఎక్కువగా అవసరమయ్యేది ప్యాకింగ్, లోడింగ్, రవాణా దగ్గర, అవి ఎక్కువగా కాంట్రాక్టు పనులు. ప్రారంభోత్సవం ఫ్లెక్సీ మీద కనిపించే ఉద్యోగాల సంఖ్యలో కట్టుబడి పనులు ఎన్ని, శాశ్వత కొలువులు ఎన్ని అని విడదీసి ఎవరూ రాయరు.

మిర్యాలగూడ రైస్ మిల్లులది మరో రకం. హమాలీ పనికి బీహార్ నుంచి కూలీలు వస్తున్నారు. స్థానిక కుర్రాళ్లు ఆ పనికి పోరు, పోనక్కర్లేదు కూడా. కానీ సార్టెక్స్ (బియ్యం ఏరే) మిషన్ ఆపరేటర్, ఎలక్ట్రీషియన్, ట్యాలీ వచ్చిన అకౌంటెంట్, బాయిలర్ చూసేవాడు మిల్లుకు ఎప్పుడూ కావాలి. ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లవాళ్లకు ఊరి దగ్గరే దొరికే స్థిరమైన పని ఇది. దాన్ని చిన్నచూపు చూడటం వల్ల నష్టపోయేది మిల్లు యజమాని ఒక్కడే కాదు.

ఆడపిల్లల విషయంలో లెక్క ఇంకో చోట మొదలవుతుంది. కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుంది, రాత్రి షిఫ్ట్ ఉందా లేదా అన్నవి తేలితేనే జీతం మాట వస్తుంది. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల బస్సు ఆగితే ఆ ఉద్యోగం ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు. అందుకే చౌటుప్పల్, షాద్‌నగర్ వైపు ఉద్యోగాలకు బస్సు రూటే అసలు అర్హతలా మారిపోయింది.

## మేస్త్రి దగ్గర నుంచి ఏజెన్సీ దాకా

పాలమూరు లేబర్ అనే మాట దేశంలో ప్రాజెక్టులు కట్టిన ప్రతిచోటా తెలుసు. మేస్త్రి ఊళ్లోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. బాకీ తీరేదాకా పని చేయాలి, లెక్క మేస్త్రి పుస్తకంలోనే ఉండేది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇలాంటి బాకీ బంధాన్నే నేరంగా చేసింది.

ఇప్పటి మ్యాన్‌పవర్ ఏజెన్సీని దానితో సమానం అనడం అన్యాయం. అయితే ఒక పోలిక మాత్రం నిజం. పని చేసేది ఒకచోట, లెక్క ఉండేది ఇంకొకరి దగ్గర. కంపెనీ టోపీ పెట్టుకుని పని చేస్తున్నా పేరు ఉండేది కాంట్రాక్టర్ రోల్ మీద. పీఎఫ్ కట్ చేశామని పేస్లిప్‌లో చూపించి, ఖాతాలో వేయని సందర్భాలు ఇక్కడే ఎక్కువ. కాంట్రాక్టర్ కట్టకపోతే ఆ బాధ్యత అసలు కంపెనీ మీద పడుతుందని పీఎఫ్ చట్టం చెబుతుంది. కానీ కట్టలేదని ముందు తెలియాలి కదా. రెండో నెల ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూస్తే సరిపోతుంది. చాలామంది రెండో ఏడాది పెళ్లి ఖర్చుకు డబ్బు తీయబోయినప్పుడు చూస్తున్నారు.

ఈఎస్‌ఐ కూడా ఇలాగే పట్టించుకోని విషయం. 21 వేల లోపు జీతం ఉన్నవారికి వర్తిస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. పని చేస్తూ చనిపోతే జీతంలో 90 శాతాన్ని కుటుంబానికి పింఛనుగా ఇస్తారు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. రియాక్టర్లు, సాల్వెంట్లు ఉన్న చోట పనికి చేరేవారు 135 రూపాయల కోత గురించి గొణిగే ముందు ఈఎస్‌ఐ కార్డు చేతికొచ్చిందో లేదో చూసుకోవాలి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో మొదటి ఉద్యోగానికి సంబంధించిన నియమాలు మూడున్నాయి. నియామక పత్రం అందరికీ ఇవ్వాలి. బేసిక్, డీఏ (కరువు భత్యం) లాంటివి మొత్తం వేతనంలో కనీసం సగం ఉండాలి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఐదేళ్లు ఆగకుండా ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. రెండో నియమం వల్ల, అంతకుముందు బేసిక్ తక్కువగా చూపిన చోట పీఎఫ్ కోత పెరిగి చేతికొచ్చేది కొంచెం తగ్గవచ్చు. అది ఉద్యోగి ఖాతాలోకే చేరే సొమ్ము.

## ముందుగా డబ్బు అడిగేది ఎవరు?

అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని ఫీజు కట్టడం వేరు. ఉద్యోగం ఇస్తామని డబ్బు తీసుకోవడం వేరు. బ్యాక్‌డోర్ పేరుతో లక్ష, రెండు లక్షలు కట్టించుకుని, మూడు నెలలు ట్రైనింగ్ నడిపి, కొన్నాళ్లు ఆ డబ్బులోంచే స్టైపెండ్ ఇచ్చి, చివరికి మాదాపూర్‌లో బోర్డు తిప్పేసిన కంపెనీల వార్తలు తరచూ వస్తున్నాయి. మేస్త్రి కనీసం తనే ముందు అడ్వాన్సు ఇచ్చేవాడు. ఇక్కడ కూలికి పోయేవాడే అడ్వాన్సు ఇస్తున్నాడు.

ఇన్నేళ్లు పని చేస్తానని రాసిచ్చే బాండ్ సంగతి ఇంత సూటిగా తేలదు. ట్రైనింగ్ మీద, నియామకం మీద కంపెనీ నిజంగా ఖర్చు పెట్టినప్పుడు, మధ్యలో వెళ్లిపోతే ఇంత కట్టాలన్న షరతు చెల్లవచ్చు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు, లేదంటే 2 లక్షలు అన్న షరతు సమంజసమేనని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. కాబట్టి బాండ్‌లు చెల్లవులే అన్న స్నేహితుల భరోసాతో సంతకం పెట్టడం ప్రమాదం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోవడం మాత్రం వేరే విషయం. వెరిఫికేషన్‌కు చూసి తిరిగి ఇస్తే చాలు. నెలల తరబడి బీరువాలో పెట్టుకుంటే అది పాత బాకీ పుస్తకం చేసిన పనే చేస్తుంది.

డబ్బు తక్కువొచ్చినా నమ్మదగినది అప్రెంటిస్‌షిప్. 2019లో నిర్ణయించిన కనీస స్టైపెండ్ ఐటీఐ వారికి 7 వేలు, డిప్లొమాకు 8 వేలు, డిగ్రీకి 9 వేలు. చూడటానికి చిన్న మొత్తమే. కానీ ఐటీఐ తర్వాత చట్ట ప్రకారం రైల్వే సంస్థల్లో అప్రెంటిస్ పూర్తి చేసినవారికి రైల్వే లెవెల్-1 (మొదటి మెట్టు) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఏడాది స్టైపెండ్ కన్నా ఆ సర్టిఫికెట్ విలువ ఎక్కువ. కొన్ని కంపెనీలు అప్రెంటిస్‌లను చవక కూలీల్లా వాడుకుంటాయన్నదీ నిజమే. చేరేముందు పాత బ్యాచ్‌లో ఎంతమందిని తర్వాత ఉంచుకున్నారో గేటు బయట టీ కొట్టు దగ్గర అడిగితే తెలిసిపోతుంది.

## పన్నెండు అంకెల జాడ

మొదటిసారి పీఎఫ్‌లో చేరినప్పుడు వచ్చే యూఏఎన్ నంబర్ జీవితాంతం ఒకటే. ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా పనిచేశారో అందులో నమోదవుతుంది. నకిలీ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఇప్పుడు పట్టుబడుతున్నది దీనివల్లే. మూడేళ్ల అనుభవం అని రాసిన కాగితం ఉండి, పాస్‌బుక్‌లో ఒక్క నెల కూడా లేకపోతే వెరిఫికేషన్‌లో అక్కడే ఆగిపోతుంది. పీఎఫ్ కట్టే చిన్న కంపెనీలో 14 వేలకు నిజంగా పని చేసిన ఏడాది, కొనుక్కున్న మూడేళ్ల కన్నా నిలబడేది ఇందుకే.

డబ్బు వైపు నుంచి చూస్తే, 15 వేల బేసిక్ మీద యజమాని కట్టే 1,800లో 1,250 పింఛను పథకానికి, 550 పీఎఫ్‌కు పోతాయి. ఉద్యోగి 1,800 కలిపితే ఖాతాలో నెలకు 2,350 చేరుతుంది. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఉద్యోగం మారిన ప్రతిసారీ పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటే ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. బదిలీ చేసుకుంటే కలుస్తూ పోతుంది.

2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య మొదటిసారి పీఎఫ్ పరిధిలోని ఉద్యోగంలో చేరేవారికి కేంద్రం ఒక నెల వేతనం, గరిష్ఠంగా 15 వేలు, రెండు విడతల్లో ఇస్తోంది. మొదటిది ఆరు నెలలు పని చేశాక, రెండోది పన్నెండు నెలలు పూర్తయి ఆర్థిక అక్షరాస్యత కోర్సు ముగించాక. పీఎఫ్ లేకుండా నగదు జీతం ఇచ్చే చోట ఇది రాదు. ఐదో నెలలో వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చే చోటికి మారేవారు ఈ తేదీ ఒకసారి చూసుకుంటే మంచిది.

ఫుడ్ డెలివరీ, బైక్ ట్యాక్సీ పనుల్లో డబ్బు త్వరగా కనిపిస్తుంది. బండి ఈఎంఐ, పెట్రోలు, టైర్లు తీసేస్తే మిగిలేది తక్కువ, రెండేళ్ల తర్వాత చూపించడానికి అనుభవ పత్రం కూడా ఉండదు. ప్రిపరేషన్ ఖర్చుల కోసం కొన్నాళ్లు చేసేవారికి పనికొస్తుంది.

మానేసేటప్పుడు జరిగే పొరపాటు మరొకటుంది. జీతం పడిన మరుసటి రోజు నుంచి ఫోన్ ఎత్తకుండా మాయమవడం ఫ్యాక్టరీల్లో మామూలైపోయింది. అప్పుడు రిలీవింగ్ లెటర్ (పని నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే పత్రం) రాదు, యూఏఎన్‌లో చివరి పని రోజు నమోదు కాదు. కొత్త కంపెనీలో చేరాక పాత ఖాతా బదిలీ ఆగిపోతుంది. కొన్నిచోట్ల ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టు కనిపిస్తుంది. పాత యజమాని ఆ తేదీ వేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబర్ ఇంకా వాడుకలో ఉంటేనే ఆ ఓటీపీ వస్తుంది.